గడి అంటే చిన్న కోటేనా?

పదవ తరగతి జవాబు పత్రాలు దిద్దుతున్నాను. ఒక విద్యార్థి "గడి అనగా చిన్న కోట" అని రాశాడు. హిందీ, మరాఠీ నిఘంటువులు చెప్పే అర్థం అదే. తప్పు పట్టడానికి ఏమీ కనిపించలేదు. పూర్తి మార్కులు వేసి పేజీ తిప్పాను.

కొన్నాళ్ళకు ఆ పిల్లవాడి నాయనమ్మ సర్టిఫికెట్ పని మీద బడికి వచ్చింది. మాటల మధ్య, మీ మనవడు గడి మీద మంచి జవాబు రాశాడమ్మా, చిన్న కోట అని రాశాడని చెప్పాను. ఆమె కొంచెం సేపు నా వంక చూసి, "కోటంటే రాజుది గద సారూ. రాజు మీదికి ఇంకో రాజొస్తడు. గడి మీదికి ఎవలొస్తరు? పిలిస్తే మేమే పోవాలె" అంది.

తెలుగులో ఎం.ఏ. చదివి ఇరవై ఏండ్లుగా తెలుగు చెబుతున్న నాకు ఆ ముసలమ్మ మాట పాఠం అయింది. నేను నిఘంటువును చూసి మార్కులు వేశాను. ఆమె జీవితాన్ని చూసి తప్పు దిద్దింది. గడికీ కోటకూ మధ్య ఉన్న తేడా పరిమాణంలో లేదు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అనడం వల్ల ఆ తేడా తెలియకపోగా మరుగున పడుతుంది. ఈ వ్యాసంలో ఆ తేడాను విడదీసి చూపడానికి ప్రయత్నిస్తాను. ఇది భాషాశాస్త్ర వినోదం కోసం చేస్తున్న పని కాదు. తెలంగాణ కథ, నవల చదివేవారికీ, రాసేవారికీ, అనువదించేవారికీ ఈ మాట అడుగడుగునా ఎదురవుతుంది. దాన్ని తప్పుగా అర్థం చేసుకుంటే కథలో ఎవరు ఎవరి మీద నిలబడి ఉన్నారో తప్పుగా అర్థమవుతుంది.

రూపంలో దగ్గరి మాటలు

మొదట, వినడానికి ఒకేలా ఉండి, అసలు సంబంధమే లేని మాటలను పక్కకు పెడదాం.

తెలుగులో గడి అంటే గీతల మధ్య చతురం. పులిజూదం పటంలో, పదకేళిలో, హాజరు పట్టీలో ఉండేది ఆ గడి. దాని బహువచనం గళ్ళు. గళ్ళ చీర, గళ్ళ లుంగీ అందులోంచి వచ్చినవే. దొర ఉండే గడికి గళ్ళు అనే బహువచనం ఎన్నడూ రాదు. "ఈ తాలూకాలో పది గళ్ళున్నాయి" అని ఎవరూ అనరు, గడీలు అంటారు. కొందరు గడులు అని కూడా రాస్తారు గానీ, ఆ రూపం పదకేళి గడులతో కలిసిపోతుంది. కనుక గడీలు అని రాయడమే మేలు. రెండు మాటలూ వేరని బహువచనమే సాక్ష్యం చెబుతున్నది.

గడి అంటే హద్దు, పొలిమేర అనే అర్థం కూడా ఉంది. కన్నడంలో అది నేటికీ వాడుకలో ఉంది. సరిహద్దు ప్రాంతాన్ని అక్కడ గడినాడు అంటారు. మనకు "గడితేరిన దొంగ" వంటి పలుకుబడిలో మిగిలింది. హద్దు దాటినవాడు, ఆరితేరినవాడు అని దాని భావం. దొర గడికి కూడా చుట్టూ గోడ ఉంటుంది కాబట్టి ఈ హద్దు అనే అర్థం నుంచే ఆ మాట పుట్టిందని కొందరు విద్యార్థులు ఊహిస్తారు. ఊహ అందంగానే ఉంది గానీ నిలవదు. ఎందుకు నిలవదో కింద చెబుతాను.

గడియ వేరు. కాలాన్ని చెప్పే గడియ సంస్కృత ఘటిక నుంచి వచ్చింది. గాడి వేరు. పశువుల మేత వేసే తొట్టీ, బండి చక్రం పడే చాలూ గాడి. "గాడి తప్పడం" రెండో దాని నుంచి వచ్చింది. హిందూస్తానీలో గాడీ అంటే బండి. గద్దె వేరు. అది ఆసనం, అధికార పీఠం. మేడారంలో అమ్మల గద్దెలు మనకు తెలిసినవే. తెలుగు లిపిలో ఈ మాటలన్నీ స్పష్టంగా విడివిడిగా కనిపిస్తాయి. ఇంగ్లీషు లిపిలో రాసినప్పుడు మాత్రం గడి, గాడి, గద్ది దాదాపు ఒకే మాటగా మారిపోతాయి. తెలుగు రాని పరిశోధకుడు దొర గడిని అధికార పీఠమని పొరపడే అవకాశం అక్కడే ఉంది.

మాట ఎక్కడి నుంచి వచ్చింది?

బాసర గోదావరి ఒడ్డు ఊరు. నది దాటితే నిజామాబాద్ జిల్లా. కొంచెం పడమటికి పోతే మహారాష్ట్రలోని ధర్మాబాద్. మా ముధోల్, భైంసా ప్రాంతంలో తెలుగూ మరాఠీ ఒకే సంతలో వినబడతాయి. అందుకే ఈ మాట పుట్టుక మాకు పుస్తకం తెరవకుండానే తెలుస్తుంది. మరాఠ్వాడా పల్లెల్లో దేశ్‌ముఖ్ గానీ పాటిల్ గానీ కట్టుకున్న ఎత్తయిన మట్టిగోడల ఇంటిని గఢీ అంటారు. హిందీలోనూ గఢ్ అంటే కోట, గఢీ అంటే చిన్న కోట. ఆ ఒత్తు ఢకారం మన నోట తేలికై గడీ, గడి అయింది.

పైన చెప్పిన ఊహ ఎందుకు నిలవదో ఇక్కడ తేలుతుంది. అచ్చ ద్రావిడ పదాల్లో ఒత్తక్షరాలు ఉండవు. హద్దు అనే గడి కన్నడంలోనూ తెలుగులోనూ ఒత్తు లేని మాట. దొర గడి మాత్రం పొరుగున ఒత్తు ఢకారంతోనే వినబడుతున్నది. అర్థం కూడా అక్కడ చిన్న కోట, దేశ్‌ముఖ్ ఇల్లు అనే ఉంది. కాబట్టి ఇది ఉత్తరం నుంచి, మరాఠీ దారిన, దేశ్‌ముఖ్ అనే పదవి పేరుతో పాటే వచ్చిన మాట. దేశ్‌ముఖ్, దేశ్‌పాండే, వతన్, గఢీ, ఇవన్నీ ఒకే పాలనా వ్యవస్థ మాటలు. కోస్తాలో ఈ మాట లేకపోవడానికి కారణం అక్కడ ఆ వ్యవస్థ లేకపోవడమే. ఇంగ్లీషు ఏలుబడిలోని జిల్లాల్లో జమీందారీ వచ్చింది. నిజాం ఏలుబడిలో దేశ్‌ముఖీ నిలిచింది. మాటల సరిహద్దు ఇక్కడ రాజ్యాల సరిహద్దే.

గఢ్ అనే అసలు మాట కూడా మా వైపు ఊరికే రాలేదు. నిర్మల్ పట్టణం చుట్టూ ఉన్న కోటల్లో ఒకటి శ్యామ్‌గఢ్, మరొకటి బత్తీస్‌గఢ్. ఆదిలాబాద్ దాటి చంద్రపూర్ జిల్లాలోకి పోతే మాణిక్‌గఢ్. ఇవి గఢ్‌లు; గడీలు కావు. నిర్మల్‌లో ఎవరిని అడిగినా శ్యామ్‌గఢ్‌ను గడి అనరు. మూలం ఒకటే అయినా రెండు మాటలూ జనం నోట రెండు దారులు పట్టాయి. గఢ్ ఫిరంగి వైపు పోయింది, గడి వెట్టి వైపు పోయింది.

అర్థంలో దగ్గరి మాటలు: కోట, దుర్గం, ఖిల్లా

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరకు వద్దాం. రూపంలో దగ్గరి మాటలను విడదీయడం సులువు. అర్థంలో దగ్గరి మాటలను విడదీయడం కష్టం.

దుర్గం అంటే చేరడానికి కష్టమైన చోటు. మాటలోనే ఆ భావం ఉంది. కౌటిల్యుని అర్థశాస్త్రం దుర్గాలను నీరు, కొండ, ఎడారి, అడవి అనే నాలుగు రక్షణలను బట్టి విభజించింది. అంటే దుర్గంలో ప్రధానమైనది గోడ కాదు, స్థలం. భువనగిరి కొండను చూస్తే దుర్గం అన్న మాట ఎందుకు పుట్టిందో వివరించనక్కరలేదు.

కోట అనేది గోడను ప్రధానం చేసే మాట. అది మైదానంలో కూడా ఉండవచ్చు. ఓరుగల్లులో మట్టికోట, రాతికోట అని రెండు ఉన్నాయంటే అవి ఒకదాని చుట్టూ ఒకటి నిలిచిన గోడల వరుసలే. కోటలో రాజు ఉంటాడు, సైన్యం ఉంటుంది, ఒక్కోసారి నగరం మొత్తం ఉంటుంది.

ఖిల్లా అరబ్బీ నుంచి వచ్చిన మాట. తురుష్క పాలనలో కోటలు సర్కారు దళాల స్థావరాలైనప్పుడు ఈ మాట స్థిరపడింది. పెద్దపల్లి వైపు రామగిరి ఖిల్లా, ఖమ్మం ఖిల్లా, నిజామాబాద్ ఖిల్లా అలా వచ్చాయి. మానేరు ఒడ్డున ఎలగందుల, నక్షత్రాకారంలో కట్టిన జగిత్యాల కోట ఈ జాతివే. జగిత్యాల కోట ఆకారాన్ని గమనించండి. ఆ మూలలన్నీ ఫిరంగి గుండును ఎదుర్కోవడానికి, ఏ పక్క నుంచి వచ్చే శత్రువునైనా రెండు పక్కల నుంచి కాల్చడానికి వేసిన లెక్క. ఆ కట్టడం శత్రువును బయట ఊహించుకుంటున్నది.

నిజామాబాద్ ఖిల్లా మరొక సంగతి చెబుతుంది. నిజాం పాలనలో అది జైలు అయింది. దాశరథి కృష్ణమాచార్యులు, వట్టికోట ఆళ్వారుస్వామి అక్కడ బందీలుగా ఉన్నారు. ఖిల్లాలో బంధించింది రాజ్యం. అందుకు కాగితం ఉంటుంది, ఉత్తర్వు ఉంటుంది, శిక్షకు పేరైనా ఉంటుంది. గడిలో బంధించింది దొర. అందుకు ఏ కాగితమూ అక్కరలేదు. జైలుకు పోయినవాని పేరు రికార్డులో దొరుకుతుంది. గడిలో కట్టేసి కొట్టిన పాలేరు పేరు ఏ రికార్డులో వెతుకుతాం? సాహిత్యంలోనే వెతకాలి. అందుకే ఈ మాట సాహిత్య విద్యార్థికి అంత ముఖ్యం.

భాగాన్ని చూసి మొత్తం అనుకోవడం

కోటకు చెందిన విడి భాగాల పేర్లు కూడా విద్యార్థులను తికమక పెడతాయి. కోట చుట్టూ తవ్విన లోతైన కాలువ అగడ్త, సంస్కృతంలో పరిఖ, ఫారసీ దారిన వచ్చిన మాట కందకం. అలంగం కోటగోడ. గోడ నుంచి ముందుకు గుండ్రంగా పొడుచుకొని వచ్చేది కొత్తళం. దాన్నే అరబ్బీ మాటతో బురుజు అంటున్నాం. నేడు కొత్తళం కావ్యాల్లో మిగిలింది, బురుజు జనంలో నిలిచింది. పెద్ద తలుపులో గానీ, పక్కన గానీ మనిషి వంగి దూరేంత చిన్న వాకిలి దిడ్డి.

వీటిలో బురుజు దగ్గర జాగ్రత్తగా ఉండాలి. ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఊరి నడుమ ఏ గోడతోనూ సంబంధం లేకుండా ఒంటరిగా నిలబడిన బురుజులు కనిపిస్తాయి. దోపిడి దండులు వచ్చే రోజుల్లో పైకెక్కి దూరం చూడడానికి, ఊరిని హెచ్చరించడానికి కట్టినవి అవి. అలాంటి బురుజు ఉన్నంత మాత్రాన ఆ ఊళ్ళో కోట ఉండేదనుకోవద్దు, గడి ఉండేదనీ అనుకోవద్దు. ఊరి బురుజు ఊరి రక్షణ కోసం కట్టింది. గడి మూలల్లోనూ బురుజులుంటాయి. కట్టడం ఒకటే, గుండ్రని గోడ, తుపాకి రంధ్రాలు. కానీ ఊరి బురుజు మీద నిలబడ్డవాడు ఊరి బయటికి చూస్తాడు. గడి బురుజు మీద నిలబడ్డవాడు ఊరిలోకి చూస్తాడు. ఒకే పేరున్న ఒకే కట్టడం, చూపు మారగానే వేరే వస్తువైపోయింది.

ఇంటి మాటలు

కోట మాటలతో కాకపోతే ఇంటి మాటలతో గడిని పోల్చవచ్చు గదా అని ఎవరైనా అడగవచ్చు. అక్కడా చిక్కులున్నాయి.

దివాణం ఫారసీ దివాన్ నుంచి వచ్చింది. కోస్తాలో జమీందారు కచేరీనీ, నివాసాన్నీ కలిపి దివాణం అన్నారు. గడికి ఇదే అన్నిటికన్నా దగ్గరి మాట. అయినా జమీందారుకు పదుల, వందల గ్రామాలు. అతని దివాణం ఒక పట్టణంలో ఉంటుంది. రైతుకూ దివాణానికీ మధ్య ఠాణేదారు, గుమాస్తా, కరణం ఉంటారు. గడికీ మాదిగవాడకూ మధ్య ఉన్నది ఒక బజారు మాత్రమే. దేవిడి హైదరాబాద్ నవాబుల భవనం. దివాన్ దేవిడి సాలార్‌జంగ్ వంశీయులది. అది రాజధాని మాట, పల్లె మాట కాదు. బంగ్లా గోడ లేని విలాస గృహం. ఇక వాడా. మరాఠీలో వాడా అంటే పెద్ద లోగిలి, భవనం. తెలుగులో వాడ అంటే వీధి, జనం ఉండే పేట. మరాఠీ రచనలోని "దేశ్‌ముఖ్ వాడా"ను దేశ్‌ముఖుల వాడ అని అనువదిస్తే ఒక్క దొర ఇల్లు ఒక పేట అయి కూర్చుంటుంది. సరిహద్దున ఉన్నవాళ్ళం మేము ఈ పొరపాటును తరచు చూస్తుంటాం.

గడి లోపల ఏముంది?

పేర్లు చెప్పుకున్నాం. ఇప్పుడు వస్తువును చూద్దాం. పెద్ద దర్వాజ; దాని పైన చూడడానికి గది. లోపల దొర కూర్చునే కచేరీ. వెనక భవంతి, దొరసానుల లోగిలి. ధాన్యం పోసే గరిసెలు. పశువుల కొట్టాలు. వెట్టివాళ్ళు నిలబడే వాకిలి. ఎదురు చెప్పినవాణ్ణి పడేసే చీకటి గది. దొరసానితో పాటు అరణంగా వచ్చిన ఆడబాపలు ఉండే మూల. కోటలో ఉండవలసిన రెండు సంగతులు మాత్రం ఇక్కడ లేవు: సైన్యం లేదు, ముట్టడి భయం లేదు. కోటలో ధాన్యం నిల్వ చేసేది ముట్టడి కాలంలో తినడానికి. గడిలో ధాన్యం నిల్వ చేసేది అప్పుగా, నాగుగా రైతుకే తిరిగి ఇచ్చి రెట్టింపు గుంజడానికి. గరిసె ఒకటే; దాని వెనక ఉన్న ఉత్పత్తి సంబంధం వేరు.

ఈ వస్తువు ఇలా తయారు కావడానికి చారిత్రక కారణం ఉంది. నిజాం రాజ్యంలో దేశ్‌ముఖ్ పరగణా శిస్తు వసూలు చేసేవాడు, దేశ్‌పాండే లెక్కలు రాసేవాడు. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ పాలనను సంస్కరించాడు. 1865లో జిల్లాబందీ వచ్చింది. శిస్తు వసూలు సర్కారు ఉద్యోగుల చేతికి పోయింది. దేశ్‌ముఖులకు బదులుగా రుసుం ఏర్పాటయింది. వసూలు అధికారం పోయింది గానీ పట్టు పోలేదు. లెక్కలు తమ చేతుల్లో ఉండగా భూమి సర్వేలు జరిగాయి. మంచి భూములు దొరల పేర ఎక్కాయి. దేశ్‌ముఖులే కాదు, మక్తేదార్లు, పటేళ్ళు, పట్వారీలు కూడా ఊళ్ళకు దొరలయ్యారు. రాజ్యం ఇచ్చిన బాధ్యత పోయి, భూమి మీద, మనిషి మీద స్వంత పెత్తనం మిగిలిన దశలో గడి తన పూర్తి రూపానికి వచ్చింది. అందుకే అది కోటలా కనిపించే కచేరీ, కచేరీలా నడిచే ఇల్లు, ఇంటిలో ఉన్న జైలు.

గడి గోడ కూడా కంటికి కనిపించే చోటనే ఆగదు. గడి ముందు నుంచి పోయేవాడు చెప్పులు విడిచి చేత పట్టుకోవాలి. తలకు చుట్టిన రుమాలు తీయాలి. గొడుగు ముడవాలి. ఎక్కడ చెప్పులు విప్పుతున్నాడో అక్కడి దాకా గడి ఉన్నట్టే. ఈ కొలత ఏ కోటకూ వర్తించదు.

గోడ ఎటు చూస్తున్నది?

రెండు సంఘటనలను పక్కపక్కన పెడితే తేడా తేటపడుతుంది.

1757 జనవరి 24న బొబ్బిలి కోట పడిపోయింది. బయట బుస్సీ నడిపిన ఫ్రెంచి ఫిరంగులు, విజయనగరం బలగం. లోపల బొబ్బిలివారు. గోడకు బయట శత్రువు, లోపల తనవాళ్ళు. ఆ యుద్ధం న్యాయాన్యాయాలు ఎట్లా ఉన్నా, కోట అన్న మాటకు అర్థం అక్కడ ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది.

1946 జులై 4న కడవెండిలో సంఘం ఊరేగింపు సాగుతున్నది. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి గడి దగ్గరికి ఊరేగింపు చేరేసరికి గూండాలు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. గడి బయట ఉన్నది పరాయి రాజు సైన్యం కాదు. అదే ఊరి రైతులు, కూలీలు, గొర్లకాపరులు. ఆ గోడలను కట్టడానికి మట్టి మోసింది కూడా వెట్టివాళ్ళే. తాము కట్టిన గోడ వెనక నుంచి తమ మీదికే తుపాకి పేలింది.

బొబ్బిలిలో కోట ప్రజను వెనక పెట్టుకొని శత్రువును చూసింది. కడవెండిలో గడి ప్రజనే శత్రువుగా చూసింది. నాయనమ్మ చెప్పినది ఇదే. కోట మీదికి ఇంకో రాజు వస్తాడు. గడి మీదికి వచ్చేవాళ్ళు ఎవరూ లేరు, గడి పిలిచేవాళ్ళే ఉన్నారు. పిలిచినా పోని రోజు వచ్చినప్పుడే గడి కోటగా మారి తుపాకి తీసింది.

ఇక్కడ ఒక అభ్యంతరం

కొన్ని గడీలు నిజంగానే పూర్వం రక్షణ కోసం కట్టినవి కావా, సంస్థానాల కేంద్రాలుగా ఉన్నవి లేవా అని అడగవచ్చు. ఉన్నాయి. కామారెడ్డి జిల్లా దోమకొండను చూడండి. అది సంస్థాన కేంద్రం. గట్టి ప్రాకారం, బురుజులు, లోపల మహాదేవుని గుడి ఉన్నాయి. జనం దాన్ని "గడికోట" అంటారు. ఒక మాట చాలక రెండు మాటలు కలిపారంటే ఆ కట్టడంలో రెండు స్వభావాలూ ఉన్నాయని వాళ్ళు గుర్తించినట్టే. అటువంటి జంటపదాన్ని పండితులు పునరుక్తి అని తోసివేయకూడదు. ఇందల్వాయి దగ్గరి సిర్నాపల్లి కూడా సంస్థానమే. జానకీబాయి ఏలిన ఆ భవనాన్ని మాత్రం జనం గడి అనే పిలుస్తారు.

కాబట్టి "చిన్న కోట" అన్నది అబద్ధం కాదు. అది మాట పుట్టిన నాటి అర్థం. మాట బతికిన నాటి అర్థం వేరు. వ్యుత్పత్తి దగ్గర ఆగిపోయిన విమర్శకుడు తాత పేరు చెప్పి మనవణ్ణి పరిచయం చేసినట్టే.

సాహిత్యంలోనూ ఆ తర్వాతా

తెలంగాణ నవల ఈ బతికిన అర్థాన్నే పట్టుకున్నది. వట్టికోట "ప్రజల మనిషి"లో, దాశరథి రంగాచార్య "చిల్లర దేవుళ్లు"లో గడి కథ జరిగే స్థలం మాత్రమే కాదు. ఊళ్ళోని ప్రతి సంబంధమూ దాని గుండా పోతుంది. 1980లో విడుదలైన "మాభూమి" చిత్రంలో జనం గడి మీదికి పోవడాన్ని చూసిన ప్రేక్షకుడికి అది ఒక కోట ముట్టడి అనిపించదు. అన్నాళ్ళు తలవంచి లోపలికి పోయినవాళ్ళు తల ఎత్తుకొని లోపలికి పోవడం అనిపిస్తుంది. లోపలి దారి వాళ్ళకు తెలుసు. రోజూ ఊడ్చింది వాళ్ళే.

1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం కూలింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. పారిపోయిన దొరలు చాలామంది తిరిగి వచ్చారు. గడి నిలిచింది. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో మరో ముప్పై ఏండ్ల దాకా నిలిచింది. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీలు జైత్రయాత్ర జరిపారు. అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. దొరలకు సాంఘిక బహిష్కారం జరిగింది. చాకలి, మంగలి, జీతగాడు గడి వాకిలి తొక్కడం మానేశారు. ఇది కోటను గెలిచే పద్ధతి కాదని గమనించండి. కోటను గెలవాలంటే లోపలికి దూసుకుపోవాలి. గడిని గెలవడానికి లోపలికి పోవడం మానేస్తే చాలింది. మన చేతులతో నడిచేది మన చేతులు తీస్తే ఆగిపోయింది. అల్లం రాజయ్య కథలు, నవలలు పుట్టింది ఈ నేల మీదనే. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ కూడా పోయాక చాలా గడీలు పావురాలకు మిగిలాయి.

ఇప్పుడు మాట మూడో దశలో ఉంది. ఒక వైపు రాజకీయ సభల్లో గడి అన్నది అహంకార పాలనకు ఉపమానమైంది. గడి చూడని పిల్లలకు కూడా ఆ ఉపమానం అర్థమవుతున్నది. మరో వైపు గడీలు వారసత్వ కట్టడాలవుతున్నాయి. దోమకొండ కోట పరిరక్షణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. రాయిని, సున్నాన్ని, చెక్కపనిని కాపాడడం మంచిదే. ఆ పని చేసిన చేతులు కూడా మనవే. కానీ ప్రతి గడి ముందూ "చారిత్రక కోట" అని పలక కడితే వచ్చే తరం రాజులను ఊహించుకుంటుంది, యుద్ధాలను ఊహించుకుంటుంది. వాకిట్లో చెప్పులు చేతబట్టుకొని నిలబడ్డ మనిషి ఆ ఊహలోకి రాడు. ఒక మాట మార్చి ఒక చరిత్రను మాయం చేయవచ్చు. ఏమీ కూల్చనక్కరలేదు.

రచయితకు, అనువాదకుడికి

చివరకు ఒక చిన్న పరీక్ష సూచిస్తాను. మీరు రాస్తున్న లేదా చదువుతున్న కట్టడం ఏదో తేలకపోతే మూడు ప్రశ్నలు వేయండి. గోడ ఎవరిని చూసి భయపడుతున్నది? లోపలి ధాన్యం ఎవరి నుంచి వచ్చి ఎవరికి పోతున్నది? లోపల బంధించడానికి కాగితం కావాలా, అక్కరలేదా? పరరాజును చూసి భయపడేది కోట. సర్కారు కాగితంతో బంధించేది ఖిల్లా. స్వంత ఊరినే చూసి భయపడుతూ, ఊరి ధాన్యాన్ని ఊరికే అప్పిచ్చి, కాగితం లేకుండా మనిషిని కట్టేసేది గడి.

ఇంగ్లీషులోకో హిందీలోకో తీసుకుపోయేవారు దీన్ని కోట అని రాస్తే వెట్టి పోతుంది. భవనం అని రాస్తే తుపాకి పోతుంది. గడి అనే ఉంచండి. మొదటిసారి వచ్చినచోట ఒక వాక్యంలో వివరించండి. పరభాషా పాఠకుడు జమీందారును, నవాబును నేర్చుకున్నాడు. గడిని కూడా నేర్చుకుంటాడు. కోస్తా, రాయలసీమ రచయితలు కూడా తెలంగాణ పాత్రను గడిలో నిలబెట్టేటప్పుడు దివాణం దృశ్యాన్ని తెచ్చి పెట్టకుండా ఉంటే చాలు.

ఆ పిల్లవాడి మార్కులను నేను తగ్గించలేదు. తప్పు వాడిది కాదు, వాడికి చెప్పిన నాది. మరుసటి రోజు తరగతిలో ఆ జవాబునే నల్లబల్ల మీద రాసి, దాని పక్కన నాయనమ్మ మాట రాశాను. రెండింటిలో ఏది సరైన అర్థమో ఇండ్లకు పోయి పెద్దవాళ్ళను అడిగి రమ్మన్నాను. మరునాడు ముప్పైమంది పిల్లలు ముప్పై జవాబులు తెచ్చారు. ఒక్కదానిలోనూ కోట అన్న మాట లేదు.